పైన్ చెట్ల నీడలో మూడు రాత్రులు



మన విశ్వాసుల ఇళ్ళలో గోడకు ఒక క్యాలెండరు తప్పక ఉంటుంది. క్రింద వాక్యము, పైన రంగుల బొమ్మ. ఆ బొమ్మలో చాలాసార్లు ఏదో చలి దేశపు కొండ, పొగమంచు, ఆకాశమునకు నిచ్చెన వేసినట్లు నిటారుగా పెరిగిన పైన్ చెట్లు, వాటి మధ్య ఒక చెక్క ఇల్లు కనబడతాయి. ఆ బొమ్మను మన వాళ్ళు ఏడాది పొడవునా చూస్తారు, డిసెంబరులో దించి పిల్లల పుస్తకాలకు అట్టలు వేస్తారు.

2022 మే నెలలో నస్పూర్‌లోని ఒక క్వార్టరులో కుటుంబ ప్రార్థనకు వెళ్ళాను. కరెంటు లేదు. మా బొగ్గు ప్రాంతములో మే నెల ఎండ నలభై ఐదు డిగ్రీలు దాటడం వింత కాదు. ప్రార్థన ముగిసిన తరువాత ఆ ఇంటి తల్లి కొంగుతో చెమట తుడుచుకుంటూ గోడ మీది బొమ్మ వైపు చూపించి, "అయ్యగారూ, గిసొంటి చెట్లు మన దిక్కు ఉంటయా? పెండ్లయి ఇరవై రెండేండ్లాయె. ఆయన బాయి, నా పొయ్యి తప్ప ఏం జూడకపోతిని" అన్నది.

ఆమె మాట అతిశయోక్తి కాదు. గనిలో మొదటి షిఫ్టు ఉదయము ఏడు గంటలకు, రెండవది మధ్యాహ్నము మూడుకు, రాత్రిపాళి పదకొండుకు మొదలవుతుంది. భర్త ఒక షిఫ్టు, కొడుకు మరొక షిఫ్టు అయితే ఆ ఇంటి పొయ్యికి మూడు షిఫ్టులు. కార్మికునికి వారానికి ఒక విశ్రాంతి దినమైనా ఉంటుంది. ప్లేడే వస్తే రెట్టింపు జీతమని దానిని కూడా చాలామంది డ్యూటీకే ఇచ్చివేస్తారనుకోండి, అది వేరే సంగతి. పొయ్యికి మాత్రము ప్లేడే లేదు.

ఆ రాత్రి నుండి ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆ ప్రశ్నే ఏడు కుటుంబాలను, ముప్పై ఒక్క మందిని, 2023 జనవరిలో కొండకు చేర్చింది. ఆ ప్రయాణము ఎలా ఏర్పాటు చేసుకున్నామో, ఎక్కడ తప్పు చేశామో వ్రాయమని కొందరు అడిగినందున ఈ నాలుగు మాటలు. తప్పు నాది కూడా గనుక దాచకుండా వ్రాస్తున్నాను.

మొదట చెట్ల సంగతి. పైన్ మన దక్షిణ దేశపు చెట్టు కాదు. హిమాలయాలలో తానుగా పెరుగుతుంది. దక్షిణాదిలో కనబడే పైన్ వనాలన్నీ మనుష్యులు నాటినవే. నీలగిరులలో, కొడైకెనాల్‌లో ఉన్నవాటిలో ఒక ముఖ్యమైన జాతి మెక్సికో దేశము నుండి వచ్చినది. కొడైకెనాల్ చరిత్ర మన సంఘములకు కొంత చుట్టరికమే. మైదానములో జ్వరాలతో, కలరాతో బిడ్డలను పోగొట్టుకుంటున్న అమెరికన్ మధుర మిషన్ వారు 1845లో ఆ కొండ మీద మొదటి రెండు ఇళ్ళు కట్టుకున్నారు. ప్రాణము నిలుపుకొనడానికి వెళ్ళారు, తప్పు పట్టలేము. అయితే మోటారు దారి పడకముందు వారిని, వారి పెట్టెలను కుర్చీలలోను, భుజాల మీదను ఆ ఏటవాలు దారిలో పైకి మోసినవారు కూలీలు. ఒకరి విశ్రాంతి బరువు మరొకరి భుజము మీద పడుతుందన్న ఈ సంగతి మా ప్రయాణములో వేరొక రూపములో ఎదురైంది. దానిని తరువాత చెబుతాను.

కొడైకెనాల్ ఏడు వేల అడుగుల ఎత్తు. మాకు దూరము, ఖర్చు. అక్కడికి వెళ్ళదలచినవారు ఒక సంగతి గమనించాలి. 2024 మే నుండి మద్రాసు హైకోర్టు ఆదేశము మీద కొడైకెనాల్‌కు, నీలగిరులకు వచ్చే వాహనాలకు ఈ-పాస్ పద్ధతి మొదలైంది. బయలుదేరక ముందే తీసుకోవాలి. మేము మాత్రము మన తెలుగు కొండలనే ఎంచుకున్నాము. విశాఖపట్నము నుండి అనంతగిరి మీదుగా అరకు, అటు పాడేరు, చింతపల్లి, లంబసింగి. ఇదంతా 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా. ఎత్తు సుమారు మూడు వేల అడుగులు, కొన్నిచోట్ల అంతకు మించి. కాఫీ తోటలు, వాటికి నీడగా సిల్వర్ ఓక్ చెట్లు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపు తీగలు, అక్కడక్కడ అటవీశాఖ పెంచిన పైన్ తోటలు. క్యాలెండరు బొమ్మంత పెద్ద అడవి కాదు. అయినా ఆ తోటలో నిలబడి గాలి వినండి. మన వేప, మద్ది చెట్ల మీదుగా వచ్చే గాలికి ఆ చప్పుడు ఉండదు. దూరముగా సముద్రము ఉన్నట్లు ఉంటుంది.

డబ్బు విషయము త్వరగా చెప్పి ముగిస్తాను. ఇంటికి నెలకు అయిదు వందల చొప్పున జూన్ నుండి డిసెంబరు వరకు ఒక సహోదరి దగ్గర జమ చేశాము. పురుషుల చేతికి ఇవ్వలేదు. ఎవరూ నొచ్చుకోలేదు, ఎందుకో అందరికీ తెలుసు. తక్కువ పడినది బయలుదేరేముందు సర్దుకున్నాము.

కాలము ఎంచుకొనడము ముఖ్యము. వలిసె పూలు కొండవాలు నిండా పసుపుగా పూసే రోజులు చూడాలంటే నవంబరు మంచిది. డిసెంబరులో మన సంఘములకు ఊపిరి సలపదు. పైగా డిసెంబరు చివరి వారము, సంక్రాంతి సెలవులు, శని ఆదివారాలు ఆ కొండ దారులు కార్లతో నిండిపోతాయి, గదులు దొరకవు. మేము సంక్రాంతి దాటిన తరువాత, సోమవారము నుండి గురువారము వరకు పెట్టుకున్నాము. పిల్లలకు నాలుగు రోజుల బడి పోయింది. ఒక హెడ్‌మాస్టరుగారు కోపపడ్డారు. ఆయన కోపములో న్యాయము ఉన్నది.

మంచిర్యాలలో రైలెక్కి కాజీపేట, విజయవాడల మీదుగా విశాఖపట్నము చేరడానికి ఒక రాత్రి, మరికొంత పగలు పట్టింది. ఆ రాత్రి విశాఖలో ఆగి, మరునాడు ఉదయము కిరండూల్ వెళ్ళే ప్యాసింజరు ఎక్కాము. వృద్ధులు, పిల్లలు ఉన్నవారికి నేను ఈ రైలునే సిఫారసు చేస్తాను. ఘాటు రోడ్డులో బస్సు మలుపులకు వాంతులు చేసుకునే పిల్లలు రైలులో హాయిగా ఉంటారు. బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖ ఓడరేవుకు చేర్చడానికి 1960లలో వేసిన దారి ఇది. కొండను తొలిచిన సొరంగాలు అరకు చేరేలోపు ఎన్నో వస్తాయి. పిల్లలు ఒక్కొక్కటి లెక్కపెడుతూ చీకటి రాగానే కేకలు వేశారు. ముప్పై ఏళ్ళు గనిలో దిగిన ఒక తండ్రి మాత్రము, "డబ్బులిచ్చి మళ్ళ బాయిలకే తీసుకపోతున్నరు" అని నవ్వించాడు. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ తలుపు దగ్గర నిలబడిన మా ఆడవారు ఒకేసారి కొంగులు కప్పుకున్నారు. చలి పెట్టే ఊరు వచ్చింది.

బస విషయములో మా మధ్య వాదము జరిగింది. యువకులకు గుడారాలు కావాలి. పెద్దలకు గోడలు కావాలి. పర్యాటక శాఖ వారి హరిత బసలు అనంతగిరిలోను, అరకులోను ఉన్నాయి. దారిలో టైడా దగ్గర చెట్ల నడుమ చెక్క ఇళ్ళు కూడా ఉన్నాయి. మేము చివరకు ఒక కొండ రైతు పొలములో కట్టిన రెండు చెక్క గదులు, వాటి ముందు నాలుగు గుడారాలు తీసుకున్నాము. ఇక్కడ ఒక మాట. ఆ కొండ భూములు గిరిజనులవి. 1/70 చట్టము ప్రకారము గిరిజనేతరులు అక్కడ భూమి కొనకూడదు. మన పక్కనున్న మందమర్రి వారికి ఈ చట్టము గురించి వేరే చెప్పనక్కరలేదు. గనుక గుడారము వేసే స్థలము ఎవరిది, ఆ డబ్బు ఎవరికి చేరుతుంది అని అడిగి తెలుసుకోవడము మన బాధ్యత. రిజర్వు అడవిలో ఖాళీ చోటు కనబడిందని గుడారము వేయకండి. అక్కడ అనుమతి లేకుండా ప్రవేశించడము, నిప్పు రాజేయడము నేరము. స్త్రీలకు మరుగుదొడ్డి ఎంత దూరములో ఉన్నది, రాత్రి అక్కడికి దారిలో దీపము ఉన్నదా అని ముందే అడగండి. ఈ ప్రశ్న అడగకుండా చేసిన ఏర్పాటును నేను ఏర్పాటు అనను.

చలి గురించి కూడా మనకు తెలియని సంగతులు ఉన్నాయి. ఎత్తుకు పోయేకొద్దీ వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. అది పుస్తకము లెక్క. అయితే రాత్రిపూట చల్లని గాలి బరువెక్కి నీరువలె పల్లమునకు జారుతుంది. అందుకే గుట్ట మీద కంటె గుట్టల మధ్య పల్లములో చలి ఎక్కువ. లంబసింగికి కొర్రబయలు అనే మరొక పేరున్నది. రాత్రి బయట ఉండిపోయినవాడు కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారట. గుడారము పల్లములో వేయకండి. కొంచెము మెరకలో, గాలికి చాటుగా వేయండి. ఎండిన కొమ్మలు వ్రేలాడే చెట్టు క్రింద వద్దు. మనము దుప్పట్లన్నీ పైన కప్పుకుంటాము గాని చలి క్రింది నుండి, నేల నుండి ఎక్కువగా లాగుతుంది. టార్పాలిన్ పరచి, దాని మీద వరిగడ్డి జానెడు మందము వేసి, ఆపైన జంపఖానా వేస్తే ఒక్క దుప్పటి చాలు. గడ్డి వేసిన చోట దీపము గాని నిప్పు గాని పెట్టకూడదని వేరే చెప్పాలా? పగలు వేసుకున్న బట్టలలో చెమట ఉంటుంది. పడుకునేముందు పొడి బట్టలు మార్చుకోవాలి. టోపీ, మేజోళ్ళు తప్పనిసరి. ఏజెన్సీలో మలేరియా ఉన్నది గనుక దోమతెర కూడా మూటలో ఉండాలి.

ఆ ఎత్తులో ఊపిరాడకపోవడము అనేది ఉండదు. ఆ బాధ ఎనిమిది వేల అడుగులు దాటిన కొండల సంగతి. కాని ఉబ్బసము ఉన్నవారికి, బొగ్గు దుమ్ముతో రొమ్ము చెడిన పెద్దవారికి తెల్లవారుజాము చలిగాలి మంచిది కాదు. సూర్యుడు వచ్చేవరకు వారిని లోపలే ఉంచండి. సికిల్ సెల్ ఉన్న పిల్లలు మన జిల్లాలో ఉన్నారు. చలి తగలడము, నీళ్ళు తాగకపోవడము వారికి నొప్పులు తెప్పిస్తాయి. డాక్టరుగారిని అడగకుండా వారిని తీసుకువెళ్ళవద్దు.

ఇక రెండవ రాత్రి సంగతి.

మొదటి రాత్రి అందరమూ వణికాము. పెద్ద చెక్క గదిలో పదిమంది స్త్రీలు, పిల్లలు పడుకున్నారు. పలకల సందులలో నుండి గాలి వస్తున్నదని మరునాడు మా యువకులు కాగితాలు, గోనెపట్టాలు కూరి సందులన్నీ మూశారు. బజారుకు వెళ్ళి ఒక ఇనుప కుంపటి, ఒక సంచి కట్టెబొగ్గులు తెచ్చారు. బొగ్గుబాయి వాళ్ళము ఆరు వందల కిలోమీటర్ల పైన ప్రయాణము చేసి బొగ్గులు కొనుక్కున్నామని నవ్వుకున్నాము. బయట రాజేసి, పొగ అంతా పోయి నిప్పులు ఎర్రగా అయ్యేవరకు ఆగి, గదిలో మూలన పెట్టారు. నన్ను అడిగారు. "పొగ లేదు గదా, పెట్టండి" అన్నాను. తలుపు వేశారు. గది వెచ్చబడింది. పిల్లలు వెంటనే నిద్రపోయారు. ఎంత బాగున్నదో అనుకున్నాను.

మాతో పాటు ఒక తాత వచ్చాడు. గనిలో సర్దారుగా చేసి రిటైరైనవాడు. సర్దారు పని ఏమిటో తెలియనివారికి చెబుతున్నాను. కార్మికులు పనిస్థలములోకి పోకముందు దీపముతో వెళ్ళి, గాలి ఎలా ఉన్నది, గ్యాసు ఉన్నదా అని పరీక్షించేవాడు. ఆ తాత రాత్రి పదకొండు ప్రాంతములో, రాత్రిపాళి వేళకు మెలకువ వచ్చే అలవాటు కొద్దీ లేచి బయటకు వచ్చాడట. స్త్రీల గది కిటికీ అద్దములో నుండి ఎర్రటి వెలుగు కనబడింది. ఆయన కేక విని నేను గుడారములో నుండి చెప్పులు లేకుండా పరుగెత్తాను.

"అయ్యగారూ, తలుపులు తియ్యుండ్రి! పొగ లేదని మురవకుండ్రి. పొగ లేని నిప్పే మనిషిని పట్టుకపోతది. ముప్పై ఏండ్లు బాయిల గ్యాసు చూసినోన్ని నేను!"

తలుపు లోపల గడియ వేసి ఉన్నది. ఎంత కొట్టినా చాలాసేపు ఎవరూ పలుకలేదు. ఆ కొద్ది నిమిషములు నా జీవితములో మరువలేను. చివరకు ఒక సహోదరి తూలుతూ వచ్చి గడియ తీసి, గడప మీదనే కూలబడింది. అందరినీ ఎత్తుకొని, ఈడ్చుకొని బయట మంచులోకి తెచ్చాము. ఇద్దరు పిల్లలు వాంతులు చేసుకున్నారు. కొందరికి తల పగిలిపోయే నొప్పి. ఒక బిడ్డ పిలిస్తే కళ్ళు తెరచి మళ్ళీ మూసుకుంటున్నది. ఆ కొండ రైతు తన జీపు తీశాడు. ఆసుపత్రిలో ఆ బిడ్డకు, మరి ముగ్గురికి ఆక్సిజన్ పెట్టారు. తెల్లవారేసరికి అందరూ లేచి కూర్చున్నారు. ఆ బిడ్డ టీ అడిగింది. దేవునికి స్తోత్రము.

దీని వెనుక ఉన్న సంగతి మా సంఘములో సగము మందికి తెలుసు. కార్బన్ మోనాక్సైడ్. గాలి చాలని చోట బొగ్గు మండితే పుట్టే వాయువు. రంగు లేదు, వాసన లేదు, కన్ను మండదు, దగ్గు రాదు. రక్తములో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట అది కూర్చుంటుంది. ప్రాణవాయువు కంటె రెండు వందల రెట్లకు మించిన పట్టుతో అంటుకుంటుంది. మొదట తలనొప్పి, వికారము, మత్తు. మెలకువగా ఉన్నవాడు బయటకు రావచ్చు. నిద్రపోయినవాడు ఆ నిద్రలోనే ఉండిపోతాడు. పూర్వము గని ప్రమాదాలలో రక్షణ సిబ్బంది చిన్న పక్షులను వెంట తీసుకువెళ్ళింది ఈ వాయువు కొరకే. నేడు బాయిలో దిగే కార్మికుని నడుముకు సెల్ఫ్ రెస్క్యూయరు కట్టేది కూడా దీని కొరకే. ఆ డబ్బా రోజూ నడుముకు కట్టుకొనే మనుష్యులే ఆ రాత్రి సందులు మూసి, కుంపటి పెట్టి, తలుపు వేశారు. బాయిలో ఉన్న జాగ్రత్త కొండ మీద ఎందుకు గుర్తు రాలేదు? నేను చాలాసార్లు ఆలోచించాను. సెలవు మీద వచ్చాము కదా అని జాగ్రత్తకు కూడా సెలవు ఇచ్చాము కాబోలు.

కనుక స్పష్టముగా వ్రాస్తున్నాను. కుంపటి గాని, బొగ్గుల పొయ్యి గాని, మాంసము కాల్చిన ఇనుప పొయ్యి ఆరిపోయినట్లు కనబడినా సరే, గదిలోకి, గుడారములోకి తేవద్దు. జనరేటరు కిటికీ దగ్గర పెట్టవద్దు. గుడారములో గ్యాసు పొయ్యి వెలిగించవద్దు. స్నానాల గదిలో గ్యాసు గీజరు ఉంటే గాలి పోయే దారి చూచుకోండి, ఆ వాయువు అక్కడ కూడా పుడుతుంది. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే అజీర్ణము అనుకోవద్దు. ముందు తలుపులు తెరవండి, మనుష్యులను బయటకు తెండి, తరువాత ఆసుపత్రికి వెళ్ళండి. బయట గాలికి తేరుకున్నారని ఊరుకోవద్దు. వెచ్చదనము కావాలంటే వేడినీళ్ళు పోసిన రబ్బరు సంచి గుడ్డలో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకోండి. మిగిలిన ఒక్క రాత్రి మేము అదే చేశాము. తాత రాత్రి రెండుసార్లు లేచి గదుల చుట్టూ తిరిగి, కిటికీ జానెడు తెరచి ఉన్నదో లేదో చూచి వచ్చాడు. ఎవరూ చెప్పలేదు. ఆయన డ్యూటీ ఆయన వేసుకున్నాడు.

నిప్పు గురించే మరొక మాట. పైన్ సూదులు నేల మీద మెత్తగా పరుపులా పడి ఉంటాయి. వాటిలో జిగురు ఉంటుంది. టర్పెంటైను తీసేది ఈ జాతి చెట్ల జిగురు నుండే. ఎండిన సూదులకు ఒక నిప్పురవ్వ చాలు. వంట పొయ్యి చుట్టూ నాలుగు బారల మేర సూదులన్నీ ఊడ్చి మట్టి కనబడేలా చేసి, పక్కన రెండు బక్కెట్లు నీళ్ళు పెట్టుకోవాలి. చెట్ల క్రింద చలిమంట వద్దు. ఆ సూదుల మీద నడిస్తే కాలు జారుతుంది కూడా. నున్నని అడుగున్న చెప్పులతో మా కోశాధికారి ఏటవాలులో కూర్చొని క్రిందివరకు వచ్చారు.

ఇప్పుడు భుజము మీది బరువు సంగతి. మొదటి రోజు మధ్యాహ్నమే నాకు అర్థమైంది. పురుషులు పేకముక్కలు తప్ప అన్ని ఆటలు ఆడుతున్నారు. స్త్రీలు ముప్పై ఒక్క మందికి పప్పు తాలింపు పెడుతున్నారు. ఏ తల్లి ప్రశ్నతో ఈ ప్రయాణము మొదలైందో ఆమె పైన్ చెట్టు వైపు వీపు పెట్టి ఉల్లిపాయలు తరుగుతున్నది! రాత్రి ఆసుపత్రి సంగతి అయిన తరువాత స్త్రీలను పొయ్యి దగ్గరకు పోనియ్యలేదు. ఊరిలో ఇద్దరు గిరిజన సహోదరీలను అడిగితే వంటకు ఒప్పుకున్నారు. వారు అడిగినంత ఇచ్చాము, బేరము చేయలేదు. కట్టెలు కొట్టడము, నీళ్ళు మోయడము, గిన్నెలు తోమడము మా పురుషుల వంతు వేసుకున్నాము. వెదురు బొంగులో కోడి మాంసము వండే విద్య ఆ సహోదరీలు మా యువకులకు నేర్పారు. మొదటి బొంగు పగిలింది. రెండవది ఫరవాలేదు.

నేను నాలుగు ప్రసంగాలు వ్రాసుకొని వెళ్ళాను. ఒక్కటే చెప్పాను, అది కూడా పావుగంట. చెట్టు క్రింద అలసి పడుకున్న ఏలీయాకు దేవదూత ముందు రొట్టె, నీళ్ళు ఇచ్చి మళ్ళీ పడుకోనిచ్చాడు. నేను అంతకంటె ఎక్కువ తెలిసినవాడను కాను. మిగిలిన వేళల్లో వారిని ఊరకనే ఉండనిచ్చాను. మూడవ రోజు ఉదయము పొగమంచు తొమ్మిది గంటలకు విడిపోయింది. ఆ తల్లి ఒక్కతే పైన్ తోటలో గొంగడి కప్పుకొని కూర్చున్నది. దగ్గరకు వెళ్ళి, "ఏమమ్మా, బొమ్మలాగే ఉన్నదా?" అని అడిగాను.

"బొమ్మల సప్పుడు ఉండదు గద అయ్యగారూ" అన్నది.

మళ్ళీ ఎప్పుడని ఇప్పుడు సంఘములో అడుగుతున్నారు. వచ్చే జనవరికి తొమ్మిది కుటుంబాలు పేర్లు ఇచ్చాయి. జమ వ్రాసే సహోదరి కొత్త నోటుపుస్తకము కొన్నది. అందులో మొదటి పేజీలో తాత పేరు వ్రాసి, ఎదురుగా డబ్బు గడిలో ఆమె అడ్డగీత కొట్టింది. ఆయన ఒప్పుకోలేదు. తన అయిదు వందలు తెచ్చి ఇచ్చి, రసీదు అడిగి తీసుకున్నాడు.